వృద్ధాప్యంలో గుండె వైఫల్యం: వయసు మాటున దాగే జబ్బు

బస్తర్ అడవుల్లో వేసవి తొలినాళ్లు ఇప్పపూల కాలం. తెల్లవారకముందే చెట్ల కింద రాలిన పూలను ఏరడానికి ఇంటిల్లిపాదీ కదులుతారు. వారిలో వృద్ధులూ ఉంటారు. నిరుటి వరకు గంపెడు పూలు ఏరిన అవ్వ ఈ ఏడు నాలుగుసార్లు వంగేసరికే ఊపిరందక కూలబడితే, ఇంట్లోవారు అనుకునే మాట సాధారణంగా ఒక్కటే: వయసు మీద పడింది. కాళ్లు వాచితే అదీ వయసే. రాత్రి పడుకోలేక గోడకు చేరగిలబడి కూర్చుంటే అదీ వయసే. వైద్యశాస్త్రం మాత్రం ఈ మూడు లక్షణాలనూ కలిపి చూసి ముందుగా ఒక ప్రశ్న వేస్తుంది: గుండె తన పని తాను చేయగలుగుతున్నదా?

తోంగ్‌పాల్ ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, జగదల్‌పూర్ నుంచి సుక్మా, కుంటల మీదుగా భద్రాచలం వైపు వచ్చే జాతీయ రహదారిపై ఉన్న ఊరు. బస్తర్ ప్రాంతానికి పెద్ద వైద్యశాలలు జగదల్‌పూర్‌లో ఉన్నాయి. దక్షిణాన కుంట పరిసరాల వారు భద్రాచలం ఆస్పత్రికి రావడం ఎప్పటినుంచో ఉన్నదే. రహదారి పక్క ఊరికి బస్సు దొరుకుతుంది. అక్కడికి చేరడానికే అడవిలో నడవాల్సిన పల్లెలకు ఆస్పత్రి అంటే ఒక పూట ప్రయాణం, ఒక రోజు కూలి, తోడుగా ఒక మనిషి. గుండె వైఫల్యం ఒక్కసారి ఆస్పత్రికి వెళ్లి వస్తే తీరిపోయే జబ్బు కాదు. జీవితాంతం కనిపెట్టుకుని ఉండవలసిన జబ్బు. అందువల్ల ఆస్పత్రి దూరమైన చోట దాని భారం రెట్టింపవుతుంది.

పేరును బట్టి కలిగే అపోహ

గుండె వైఫల్యం అనగానే గుండె ఆగిపోవడమని చాలామంది భయపడతారు. అది సరికాదు. గుండెకు రక్తం తీసుకువెళ్లే నాళం పూడుకుపోయి కండరం దెబ్బతినడం గుండెపోటు. గుండె కొట్టుకోవడం ఉన్నట్టుండి నిలిచిపోవడం హృదయ స్తంభన. గుండె కొట్టుకుంటూనే ఉన్నా శరీరానికి కావలసినంత రక్తాన్ని అందించలేకపోవడం, లేదా లోపలి ఒత్తిడి బాగా పెరిగితే తప్ప అందించలేకపోవడం గుండె వైఫల్యం. ఊపిరితిత్తుల్లో, కాళ్లలో, పొట్టలో నీరు చేరినప్పుడు దీనినే కంజెస్టివ్ హార్ట్ ఫెయిల్యూర్ అని వ్యవహరిస్తారు. పల్లెల్లో 'ఒంటికి నీరు పట్టింది' అనే మాటలో ఈ జబ్బు స్వరూపం కొంత ఇమిడి ఉంది.

ఆరోగ్యవంతుడి గుండె విశ్రాంతి సమయంలో నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. ఎడమ జఠరిక నిండినప్పుడు అందులో ఉన్న రక్తంలో ప్రతి స్పందనకు ఎంత శాతం బయటకు వెళుతున్నదో చెప్పే కొలతే ఎజెక్షన్ ఫ్రాక్షన్. అది 40 శాతం లేదా అంతకన్నా తక్కువైతే గుండె కండరం బలహీనపడి సరిగా ముడుచుకోవడం లేదని అర్థం. 50 శాతం, ఆపైన ఉన్నా గుండె వైఫల్యం ఉండవచ్చు. ఈ రెండో రకంలో గుండె ముడుచుకోగలుగుతుంది గానీ, గోడలు బిరుసెక్కడం వల్ల సులువుగా విప్పారి నిండలేదు. వృద్ధులలో, ముఖ్యంగా ఏళ్ల తరబడి రక్తపోటు ఉన్న స్త్రీలలో, ఈ రకం ఎక్కువ. కొలత బాగుందన్న ఒక్క కారణంతో వారి ఆయాసాన్ని తోసిపుచ్చకూడదు.

శరీరం పొరబడే తీరు

గుండె నుంచి వచ్చే రక్తం తగ్గినప్పుడు మూత్రపిండాలు దానిని రక్తస్రావంగానో నిర్జలీకరణగానో భావిస్తాయి. గాయమై రక్తం పోయినవాడిని, ఎండలో దప్పికతో ఉన్నవాడిని కాపాడే ఏర్పాటు శరీరంలో ఉంది. ఉప్పును, నీటిని బయటకు పోనీయకుండా పట్టి ఉంచడం, రక్తనాళాలను బిగించడం, గుండె వేగాన్ని పెంచడం ఆ ఏర్పాటులో భాగాలు. గుండె బలహీనపడినప్పుడు కూడా శరీరం ఇదే పని చేస్తుంది. కొన్ని రోజులు అది ఆదుకుంటుంది. ఆ తరువాత అదే శత్రువవుతుంది. అలసిన ఎద్దుపై బరువు పెంచి, పైగా అదిలించినట్లు, పెరిగిన నీరూ బిగిసిన నాళాలూ గుండెకు మరింత శ్రమ కలిగిస్తాయి.

ఎడమ వైపు గుండె వెనుకబడితే రక్తం ఊపిరితిత్తుల్లో నిలిచి ఆయాసం వస్తుంది. కుడి వైపు వెనుకబడితే కాళ్ల వాపు, పొట్ట ఉబ్బరం, కాలేయం పెరగడం, మెడ సిరలు ఉబ్బడం కనిపిస్తాయి. కాలక్రమంలో ఈ రెండూ కలుస్తాయి.

వయసు చేసేది, చేయనిది

వయసుతో పాటు గుండె గోడలు మందమవుతాయి, ధమనులు బిరుసెక్కుతాయి, కవాటాలపై సున్నం పేరుకుంటుంది, మూత్రపిండాల సామర్థ్యం తగ్గుతుంది. గుండె వైఫల్యం వృద్ధుల్లో ఎక్కువగా కనిపించడానికి ఇదే నేపథ్యం. 70 ఏళ్లు దాటినవారిలో పది మందికి ఒకరు లేదా అంతకంటే ఎక్కువమంది దీని బారిన పడుతున్నారని పాశ్చాత్య దేశాల అంచనా. అయితే వయసు గుండెను నెమ్మదింపజేస్తుందే గానీ, ఆరు నెలల్లో నడక సగానికి తగ్గడానికి, రాత్రి ఊపిరాడక లేవడానికి, చెప్పులు పట్టనంతగా పాదాలు వాయడానికి వయసు ఒక్కటే కారణం కాదు. అక్కడ జబ్బు ఉన్నదని భావించి పరీక్ష చేయించాలి.

కారణాలు

భారతదేశంలో గుండె వైఫల్యానికి మొదటి కారణం గుండె రక్తనాళాల జబ్బు. 2019, 2020 సంవత్సరాల్లో దేశంలోని 53 ఆస్పత్రుల నుంచి 10,851 మంది రోగుల వివరాలు సేకరించిన జాతీయ హార్ట్ ఫెయిల్యూర్ రిజిస్ట్రీలో సుమారు 72 శాతం మందికి అదే మూలమని తేలింది. గుండెపోటు వచ్చి బతికిన వ్యక్తిలో చనిపోయిన కండరం మళ్లీ పెరగదు. మిగిలిన కండరం అదనపు బరువు మోస్తూ కొన్నేళ్లకు అలసిపోతుంది.

మరో పెద్ద కారణం అదుపులో లేని రక్తపోటు. 2017-18లో జరిగిన లాసీ జాతీయ సర్వేలో 60 ఏళ్లు పైబడినవారిలో 32 శాతం మంది తమకు రక్తపోటు ఉన్నట్లు వైద్యులు నిర్ధారించారని చెప్పారు. పరీక్షే జరగనివారు ఈ లెక్కలోకి రారు. రక్తపోటు నొప్పి కలిగించదు కాబట్టి మందు మానేయడం తేలిక. దాని ఫలితం పదేళ్లకో పదిహేనేళ్లకో గుండె గోడలపై కనిపిస్తుంది. మధుమేహం, స్థూలకాయం, కవాటాల జబ్బులు, గుండె లయ తప్పడం, థైరాయిడ్ లోపాలు, అతిగా మద్యం సేవించడం తక్కిన కారణాలు. చిన్ననాడు వచ్చిన కీళ్లవాత జ్వరం కవాటాలను దెబ్బతీసి, నడివయసులోనో వృద్ధాప్యంలోనో గుండె వైఫల్యంగా బయటపడడం మన దేశంలో ఇంకా ఉంది.

అటవీ ప్రాంతాల్లో మరికొన్నింటిని గమనించాలి. కట్టెల పొయ్యి పొగను దశాబ్దాలపాటు పీల్చిన స్త్రీలలో ఊపిరితిత్తులు దెబ్బతిని, ఆ ఒత్తిడి కుడి వైపు గుండెపై పడుతుంది. వారు ఎన్నడూ చుట్టగానీ బీడీగానీ తాగి ఉండకపోవచ్చు. మలేరియా, పోషకాహార లోపం, సికిల్‌సెల్ వంటి వాటి వల్ల రక్తహీనత తీవ్రమైతే, పలుచబడిన రక్తంతో అవసరం తీర్చడానికి గుండె నిరంతరం ఎక్కువగా పనిచేయవలసి వస్తుంది. పొగాకు ఏ రూపంలో వాడినా నష్టమే. ఛత్తీస్‌గఢ్‌లో పళ్లు తోముకోవడానికి వాడే గుడాకు కూడా పొగాకు ముద్దే.

ఆహార లోపం గుండెను ఎలా కుంగదీస్తుందో తెలుగు నేల చరిత్రలోనే ఒక నిదర్శనం ఉంది. గంజాం నుంచి గోదావరి వరకు విస్తరించిన ఉత్తర సర్కారు జిల్లాలు పంతొమ్మిదో శతాబ్దిలో బెరిబెరి వ్యాధికి పేరుపడ్డాయి. మద్రాసు సైన్యంలో వైద్యుడైన మాల్కంసన్ 1835లోనే దీనిపై గ్రంథం ప్రచురించారు. తవుడు పూర్తిగా పోయేలా బియ్యాన్ని తెల్లగా పాలిష్ పట్టించి, దాదాపు అదే ఆహారంగా తినేవారిలో విటమిన్ బీ-1 లోపించడం ఆ వ్యాధికి మూలమని తరువాతి కాలంలో తేలింది. ఒళ్లు వాచి, ఆయాసంతో గుండె విఫలమయ్యే రోగికి ఆ విటమిన్ అందిస్తే త్వరగా కోలుకుంటాడు. గుండె వైఫల్యం అనేది ఒక తుది స్థితి, దాని వెనుక కారణాన్ని వెతకాలి అనే సూత్రానికి ఇది మంచి ఉదాహరణ.

నిలకడగా ఉన్న రోగి కుదేలయ్యేదెప్పుడు?

మందులతో నిలకడగా ఉన్న వృద్ధుడు అకస్మాత్తుగా ఆస్పత్రిపాలు కావడానికి తరచూ చిన్న కారణాలే ఉంటాయి. మందులు అయిపోవడం, పండుగలోనో పెళ్లిలోనో ఉప్పు ఎక్కువగా తినడం, జ్వరం, న్యుమోనియా, గుండె లయ తప్పడం వాటిలో ముఖ్యమైనవి.

మరో రెండింటి గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మొదటిది నొప్పి మాత్రలు. మోకాళ్ల నొప్పులకు దుకాణంలో అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి మూత్రపిండాల చేత ఉప్పును, నీటిని పట్టి ఉంచేలా చేస్తాయి. గుండె వైఫల్యం ఉన్నవారికి అవి హాని చేస్తాయి. నొప్పి ఉన్నప్పుడు ఏది వాడవచ్చో వైద్యుడిని అడగాలి. రెండోది సెలైన్ సీసా. నీరసంగా ఉన్న ముసలివారికి 'బలానికి' ఒక సీసా ఎక్కించడం పల్లెల్లో పాతుకుపోయిన అలవాటు. సాధారణ సెలైన్ లీటరు సీసాలో 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. అప్పటికే ఒంట్లో నీరు నిండి, ఆ బరువు మోయలేక నీరసించిన గుండెకు అది బలం కాదు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు. వాంతులు, విరేచనాలతో నీరు పోయినవారికి సెలైన్ ప్రాణదాత. ఆయాసమూ కాళ్ల వాపూ ఉన్నవారికి పరీక్ష లేకుండా ఎక్కించడం ప్రమాదం.

గుర్తించవలసిన లక్షణాలు

నడిచినప్పుడు, మెట్లు లేదా గట్టు ఎక్కినప్పుడు ఆయాసం రావడం తొలి లక్షణం. వంగితే ఊపిరాడకపోవడం, వెల్లకిలా పడుకుంటే ఆయాసం ఎక్కువై రెండు మూడు దిండ్లు కావలసి రావడం, నిద్ర పట్టిన గంటకో రెండు గంటలకో ఊపిరందక లేచి కూర్చోవడం, రాత్రి పూట పొడి దగ్గు, సాయంత్రానికి పాదాలు, చీలమండలు వాయడం, వాపుపై వేలితో నొక్కితే గుంట పడడం, కొద్ది రోజుల్లో బరువు పెరగడం ఇతర సూచనలు.

వృద్ధులలో ఈ చిత్రం ఇంత స్పష్టంగా ఉండదు. నడవడమే మానేసినవారికి నడిస్తే వచ్చే ఆయాసం తెలియదు. ఆకలి మందగించడం, పొట్ట నిండుగా అనిపించడం, రోజంతా మగత, మాట తడబడడం, మతిమరుపు హఠాత్తుగా ఎక్కువ కావడం, తూలి పడడం వంటివే తొలి సంకేతాలు కావచ్చు. అందుకే ఆయాసం ఉందా అని అడగడం కన్నా పనిని బట్టి అడగడం మేలు. నిరుడు సంతకు నడిచి వెళ్లారా, ఈ ఏడు వెళ్లగలుగుతున్నారా? బిందె నీళ్లు తేగలుగుతున్నారా? ఇప్పపూలు ఏరడానికి వంగగలుగుతున్నారా? రాత్రి ఎలా పడుకుంటున్నారు? ఈ ప్రశ్నలను రోగి మాట్లాడే భాషలో, గోండీలోనో హల్బీలోనో ధుర్వాలోనో అడగగలిగిన ఆరోగ్య కార్యకర్త పాత్ర ఇక్కడ అమూల్యం.

కాళ్ల వాపు కనిపించినంత మాత్రాన గుండె జబ్బని నిర్ణయించుకోకూడదు. మూత్రపిండాలు, కాలేయం, బోదకాలు, రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు కూడా వాపు కలిగిస్తాయి. ఆయాసానికి క్షయ, ఉబ్బసం, రక్తహీనత కారణాలు కావచ్చు. తేల్చేది పరీక్షే.

నిర్ధారణ

రోగిని పరిశీలించి, రక్తపోటు, నాడి, రక్తంలో ఆక్సిజన్ స్థాయి చూశాక ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. హిమోగ్లోబిన్, చక్కెర, మూత్రపిండాల పనితీరు, సోడియం, పొటాషియం, థైరాయిడ్ పరీక్షలు చేస్తారు. సాగిన గుండె కండరం విడుదల చేసే బీఎన్‌పీ వర్గపు పదార్థాన్ని రక్తంలో కొలిచే పరీక్ష కూడా ఉంది. అది తక్కువగా ఉంటే ఆయాసానికి గుండె కారణం కాకపోవడానికే ఎక్కువ అవకాశం. గుండె గోడలు, కవాటాలు, ఎజెక్షన్ ఫ్రాక్షన్ తెలుసుకోవడానికి ఎకో పరీక్ష ప్రధానం. నొప్పి లేని ఈ పరీక్షకు యంత్రమూ, శిక్షణ పొందిన నిపుణులూ కావాలి. సాధారణంగా ఇది పెద్ద ఆస్పత్రుల్లోనే లభిస్తుంది. ఎకో జరిగే వరకు వైద్యం ఆగవలసిన పని లేదు. స్పష్టమైన లక్షణాలున్న రోగికి నీరు తగ్గించే మందును ప్రాథమిక స్థాయి వైద్యుడు ప్రారంభించవచ్చు.

భారం ఎంత?

ప్రపంచవ్యాప్తంగా సుమారు 6 కోట్ల 40 లక్షల మంది గుండె వైఫల్యంతో జీవిస్తున్నారని అంచనా. భారతీయ రోగులకు ఒక ప్రత్యేకత ఉంది. జాతీయ రిజిస్ట్రీలో రోగుల సగటు వయసు 60 ఏళ్లకు కాస్త తక్కువ. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇక్కడ జబ్బు సుమారు పదేళ్లు ముందే వస్తున్నది. అంటే ఇంకా పొలంలోనో అడవిలోనో పనిచేసి ఇంటికి ఆసరాగా ఉన్న వయసులోనే మనిషి మంచాన పడుతున్నాడు. రిజిస్ట్రీలో నమోదైనవారిలో స్త్రీలు 31 శాతం మాత్రమే. వృద్ధ స్త్రీలు పెద్దాస్పత్రి దాకా చేరుతున్నారా అన్న సందేహానికి ఈ అంకె తావిస్తుంది.

ఆస్పత్రిలో చేరిన 90 రోజుల్లోగా మరణించినవారు ఆ రిజిస్ట్రీలో 14.2 శాతం, అంటే ఏడుగురిలో ఒకరు. అంతకుముందు 2013లో కేరళలోని తిరువనంతపురం జిల్లాలో 1,205 మందితో మొదలైన మరో రిజిస్ట్రీలో ఐదేళ్లు గడిచేసరికి 59 శాతం మంది మరణించారు. అనేక క్యాన్సర్లతో పోల్చదగిన తీవ్రత ఇది. అయినా క్యాన్సర్ పేరు వింటే కలిగే అప్రమత్తత ఈ జబ్బు విషయంలో కలగడం లేదు. శాస్త్రం సూచించిన మందులను అందుకున్నవారిలో మరణాలు తక్కువగా ఉన్నాయని జాతీయ రిజిస్ట్రీ తెలిపింది. ఆ మందులు సగం మందికి కూడా పూర్తిగా అందలేదన్నది అందులోని మరో చేదు నిజం.

ఇంటిల్లిపాదిపై పడే భారం అంకెల్లో ఇమడదు. రాత్రంతా కూర్చుని ఉన్న వృద్ధుడి పక్కన మరొకరు మేలుకోవాలి. ఆస్పత్రికి తీసుకువెళ్లే కొడుకు కూలి పోతుంది, కోడలికో మనవరాలికో పనో చదువో ఆగుతుంది. ఒకసారి చేరినవారు మళ్లీ మళ్లీ చేరవలసి రావడం ఈ జబ్బు లక్షణం. నాలుగోసారి ప్రయాణానికి డబ్బు లేక ఇంట్లోనే ఉండిపోయేవారి సంఖ్య ఏ రిజిస్ట్రీలోనూ నమోదు కాదు.

చికిత్స: మారిన చిత్రం

1785లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం విదరింగ్ ఫాక్స్‌గ్లవ్ మొక్క ఆకులతో ఒంటి నీరు తగ్గుతుందని వివరించారు. ఆ మొక్కల జాతి నుంచి వచ్చిన డిగాక్సిన్ నేటికీ కొందరు రోగులకు పనికివస్తున్నది. ఆయుష్షు పెంచే మందులు మాత్రం ఇటీవలి కాలానివే. ఎనలాప్రిల్ తీవ్ర రోగుల్లో మరణాలను తగ్గిస్తుందని 1987లో రుజువైంది. బలహీనమైన గుండెకు హాని అని ఒకప్పుడు దూరంగా ఉంచిన బీటా బ్లాకర్లు మేలు చేస్తాయని, స్పైరనోలాక్టోన్ ప్రాణాలు కాపాడుతుందని 1999 నాటి అధ్యయనాలు తేల్చాయి. మధుమేహానికి రూపొందించిన డాపాగ్లిఫ్లోజిన్ వర్గపు మందులు మధుమేహం లేని గుండె రోగులకు కూడా ఉపయోగపడతాయని 2019లో వెల్లడైంది. గుండె బిరుసెక్కిన రకానికి సైతం ఈ వర్గం మేలు చేస్తుందని 2021లో తేలింది.

నేడు బలహీనపడిన గుండెకు ఈ నాలుగు వర్గాల మందులను కలిపి ఇవ్వడం ప్రామాణిక చికిత్స. వీటికి తోడు నీరు పోవడానికి ఫ్యూరోసెమైడ్ వంటి మాత్ర ఇస్తారు. ఈ నీటి మాత్రతో రెండు రోజుల్లో హాయిగా ఉంటుంది కాబట్టి రోగి దానినే అసలు మందుగా భావిస్తాడు. తక్కినవాటి ప్రభావం వెంటనే తెలియదు. వాటిని మానేసినా మొదటి వారం ఏమీ కాదు. ఆ నమ్మకమే రోగిని మళ్లీ ఆస్పత్రికి తెస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ గడువు మన దేశంలో 2020లో ముగిశాక జనరిక్ రూపాలు వచ్చి ధర బాగా తగ్గింది. తక్కిన మూడు వర్గాల్లోనూ చవకైన జనరిక్ మాత్రలు ఉన్నాయి. కాబట్టి అసలు అడ్డంకి ఇప్పుడు మందు ఉనికి కాదు, అది నెలనెలా చేరవలసిన ఇంటికి చేరడం.

వృద్ధుల విషయంలో తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచడం పద్ధతి. రక్తపోటు మరీ పడిపోకుండా, మూత్రపిండాలు దెబ్బతినకుండా, పొటాషియం హద్దు మీరకుండా మధ్యమధ్య రక్తపరీక్షలు అవసరం. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయని చెప్పే వృద్ధుడి మాటను తేలికగా తీసుకోకూడదు. మందులన్నీ ఒక్కసారిగా ఆపడమూ సరికాదు. మోతాదు సవరించే పని వైద్యుడిది. అవసరమైనవారికి కవాట చికిత్స, రక్తనాళాలకు స్టెంట్ లేదా బైపాస్, గుండె లయను సరిచేసే పరికరాలు ఉన్నాయి. రక్తహీనతను, ఇనుము లోపాన్ని సరిచేయడం కూడా చికిత్సలో భాగమే.

ఇంటి వద్ద చేయవలసినవి

ఈ జబ్బులో సగం వైద్యం ఇంట్లోనే జరుగుతుంది. ఉదయం మూత్రవిసర్జన తరువాత, ఏమీ తినకముందు, ఒకే రకమైన దుస్తులతో బరువు చూసుకుని రాసుకోవాలి. మూడు రోజుల్లో 2 కిలోలకు మించి పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఆయాసం రాకముందే వైద్యుడిని కలవడానికి అదే అదను. ఇంట్లో తూకపు యంత్రం లేనప్పుడు దగ్గరలోని ఆరోగ్య ఉపకేంద్రంలో వారానికి రెండుసార్లయినా చూసుకోవచ్చు. మొలతాడు, కాలి కడియం బిగుతవడం, వేలితో నొక్కిన గుంట మోకాలి వైపు పాకడం కూడా కొలమానాలే.

ఆరోగ్యవంతులకే రోజుకు 5 గ్రాములకన్నా తక్కువ, అంటే సుమారు ఒక చెంచా ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. గుండె వైఫల్యం ఉన్నవారు ఆ హద్దును దాటకూడదు. కూరలో తగ్గించి, పచ్చడితోనో ఎండుచేపతోనో అప్పడంతోనో భర్తీ చేసుకుంటే ప్రయోజనం లేదు. పొటాషియంతో చేసిన ప్రత్యామ్నాయ ఉప్పును వైద్యుడి సలహా లేకుండా వాడరాదు. నీటిపై పరిమితి అందరికీ ఒకటి కాదు. వైద్యుడు పరిమితి విధించినవారు మంచినీటితో పాటు చాయ్, మజ్జిగ, బస్తర్ ఇళ్లలో తాగే రాగి అంబలినీ ఆ లెక్కలోకి తీసుకోవాలి. మండుటెండల్లో చెమట ఎక్కువ పోయినప్పుడు, విరేచనాలు పట్టుకున్నప్పుడు నీటి మాత్ర మోతాదు మార్చవలసి ఉంటుంది. అప్పుడు వెంటనే ఆరోగ్య కార్యకర్తకు తెలపాలి.

పూర్తిగా మంచానికే పరిమితం కావడం మంచిది కాదు. నిలకడగా ఉన్నప్పుడు ఆయాసం రానంత మేర రోజూ నడవాలి. పొగాకు, మద్యం మానాలి. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి వైద్యుడిని అడగాలి. విశ్రాంతిగా ఉన్నా ఊపిరాడకపోవడం, గులాబీ రంగు నురగతో దగ్గు, ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, పెదవులు నీలిరంగుకు మారడం ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయాలి. వాహనం వచ్చేలోగా రోగిని పడుకోబెట్టకుండా, వీపుకు ఆనుడు ఇచ్చి కూర్చోబెట్టాలి. నీళ్లు బలవంతంగా పట్టకూడదు.

ప్రభుత్వ ఏర్పాట్లు, మిగిలిన అంతరం

ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన 2018 సెప్టెంబరులో మొదలైంది. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు, ఆపై వయసున్న వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు ఆస్పత్రి చికిత్స వర్తింపజేశారు. ఈ పథకం కింద ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్లాక 15 రోజుల వరకు మందులు అందుతాయి. గుండె వైఫల్యంలో ముప్పు ఎక్కువగా ఉండేది తొలి మూడు నెలలు. పదహారో రోజు నుంచి మందు ఎక్కడ దొరుకుతుందన్నదే చాలామంది రోగుల భవిష్యత్తును నిర్ణయిస్తుంది. ఆస్పత్రి వదిలే రోజునే మందుల జాబితాను స్థానిక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేర్చి, రెండు వారాల్లోపు ఒకసారి పరీక్ష జరిగేలా చూడగలిగితే ఈ అంతరం చాలావరకు పూడుతుంది.

అందుకు పునాది ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. రాష్ట్రం ఏర్పడిన కొద్ది కాలానికే, 2002లో, గ్రామ ఆరోగ్య కార్యకర్తలైన మితానిన్‌ల వ్యవస్థ ప్రారంభమైంది. దేశవ్యాప్త ఆశా కార్యకర్తల వ్యవస్థకు అది మార్గం చూపింది. 2019 అక్టోబరు 2న ముఖ్యమంత్రి హాట్ బజార్ క్లినిక్ పథకం మొదలై, జనం ఎలాగూ చేరే వారపు సంతలకే వైద్య బృందం వెళ్లే పద్ధతి వచ్చింది. రక్తపోటు, చక్కెర చూసే చోటనే వృద్ధుల బరువు, కాళ్ల వాపు చూడడం, నెల మాత్రలు అందించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

మందులన్నీ వాడినా జబ్బు ముదిరే దశ కొందరికి వస్తుంది. అప్పుడు ఆయాసాన్ని, భయాన్ని తగ్గించే ఉపశమన వైద్యం అవసరం. మళ్లీ ఆస్పత్రికి వెళ్లాలా, ఇంట్లో తనవారి మధ్య ఉండాలా అన్న విషయంలో వృద్ధుల మాటకు విలువ ఇవ్వాలి. అయితే ఆ దశ రాకముందు ఎన్నో ఏళ్ల జీవితం ఉండవచ్చు. రక్తపోటును సకాలంలో అదుపు చేయడం, వాపును త్వరగా గుర్తించడం, మాత్రలు తెగిపోకుండా చూడడం ఆ ఏళ్లను నిలుపుతాయి. ఇప్పచెట్టు కింద వంగలేకపోయిన అవ్వను చూసి వయసని సరిపెట్టుకోకుండా, ఆ వారం సంతలోనే ఒకసారి రక్తపోటు, బరువు, కాళ్ల వాపు చూపించడం అందులో మొదటి అడుగు.